రంగునీళ్లు, బొగ్గు, పైథాన్: కణజాలంలో రక్తప్రవాహాన్ని బల్ల మీద కొలిచే ప్రయత్నం

ఏం కడుతున్నాను

న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్ బొమ్మ చూపించి "ఇక్కడ వెలుగు ఎక్కువ, రక్తం బాగా పారుతోంది" అనడం అందరికీ అలవాటే. వెలుగు నుంచి రక్తానికి ఒక్క గెంతులో వెళ్లిపోవడం దగ్గరే నాకు పేచీ. గామా కెమెరాకి రక్తం కనపడదు. అది లెక్కపెట్టేది ట్రేసర్ (ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక పదార్థం) నుంచి వచ్చే గామా కిరణాలను. ఒకచోట ట్రేసర్ ఎంత ఉందన్నది మూడు విషయాలు తేలుస్తాయి: రక్తం ఎంత మోసుకొచ్చింది, మోసుకొచ్చినదాంట్లో కణజాలం ఎంత పట్టుకుంది, పట్టుకున్నదాంట్లో ఎంత మళ్లీ జారిపోయింది. మొదటిది మాత్రమే రక్తప్రవాహం.

ఈ మూడింటినీ రేడియోధార్మికత జోలికి పోకుండా రంగునీళ్లతో విడివిడిగా చూపించాలన్నది ప్రాజెక్టు. ఆ తర్వాత అదే లెక్కను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసి, నిజమైన ట్రేసర్ల అంకెలు పెట్టి, స్కాన్ ఎక్కడ నమ్మకంగా చెబుతుందో, ఎక్కడ దాటేస్తుందో చూడాలి. ఫిజియాలజీ చదివే పిల్లలకు చూపించడానికి పనికొస్తుందని ఆశ.

సామాను: అర లీటరు గాజు జాడీ, అక్వేరియం పంపు, పైన నీళ్లు పొర్లిపోవడానికి గొట్టం, జాడీ అడుగున అయస్కాంతపు ముక్క, దాన్ని కింద నుంచి తిప్పడానికి పాత కంప్యూటర్ ఫ్యాను, ఎర్ర ఎల్ఈడీ, దానికి ఎదురుగా కాంతి సెన్సార్, సెన్సార్ రీడింగులు తీసుకోవడానికి ఆర్డ్వినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. రంగుకి నీలం ఫుడ్ కలర్. నీలం రంగు ఎర్రకాంతిని మింగేస్తుంది కాబట్టి ఎర్ర ఎల్ఈడీ పెట్టాను. తెల్ల దీపం పెడితే మార్పు అంత స్పష్టంగా తెలియదు.

జాడీ: కడుక్కుపోయే వేగం

జాడీ నిండా నీళ్లు, అందులో కాస్త రంగు. పంపు ఒకవైపు నుంచి మంచినీళ్లు పోస్తుంటే అంతే నీరు రెండోవైపు పొర్లిపోతుంది. లోపల ఫ్యాను కలుపుతూనే ఉంటుంది. సెన్సార్ రీడింగును నేరుగా గీస్తే ఏమీ అర్థం కాదు. రంగు చిక్కదనానికీ దాటొచ్చే కాంతికీ ఉన్న సంబంధం లాగరిథమ్‌ది, బీర్-లాంబర్ట్ నియమం. లాగ్ తీసి చిక్కదనం రాబట్టి, దానికి మళ్లీ లాగ్ వేసి కాలానికి ఎదురుగా గీస్తే చక్కటి వాలు గీత వచ్చింది.

ఆ వాలే అసలు సరుకు. పంపు నిమిషానికి 100 మి.లీ. పోస్తోంది, జాడీలో పట్టేది 500 మి.లీ. కాబట్టి ప్రతి నిమిషం ఐదో వంతు మారుతుంది. రంగు సగం కావడానికి సుమారు మూడున్నర నిమిషాలు. పంపు వేగం రెట్టింపు చేస్తే ఆ సమయం సగమైంది. కొలత జాడీతో పట్టి చూసిన ప్రవాహానికీ, వాలు నుంచి లెక్కగట్టిన ప్రవాహానికీ తేడా ఐదు శాతం లోపే. ఇక్కడ గమనించాల్సింది: మొదట ఎంత రంగు వేశానన్నది లెక్కలోకే రాలేదు. చుక్క వేసినా, చెంచా వేసినా వాలు అదే. ఈ సంగతి చివర్లో బాగా అక్కరకొచ్చింది.

1960ల్లో నీల్స్ లాసెన్, డేవిడ్ ఇంగ్వార్ మెదడు మీద చేసిందీ ఇదే. సెలైన్‌లో కరిగించిన జెనాన్-133 వాయువును మెదడుకు పోయే ధమనిలోకి ఎక్కించి, తల బయట డిటెక్టర్లు పెట్టి, అది ఎంత త్వరగా కడుక్కుపోతుందో చూశారు. జెనాన్ ఒంట్లో దేనితోనూ రసాయనికంగా కలవదు, కణజాలంలోకి స్వేచ్ఛగా దిగుతుంది, స్వేచ్ఛగా తిరిగొస్తుంది. కడుక్కుపోయే వేగం నుంచే రక్తప్రవాహం తెలుస్తుంది.

దీని వెనక ఉన్న పునాది ఇంకా పాతది. ఒక అవయవంలోకి ఏదైనా పదార్థం ఎంత వెళ్లింది, ఎంత బయటికొచ్చింది అన్న తేడా తీస్తే ప్రవాహం తెలుస్తుందని అడాల్ఫ్ ఫిక్ 1870లోనే చెప్పాడు. దాన్ని నైట్రస్ ఆక్సైడుతో మనిషి మెదడు మీద అమలు చేసినవాళ్లు 1940ల్లో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి దాదాపు 50 మి.లీ. అన్న అంకె అలా స్థిరపడిందే. 1951లో కెటీ రాసిన వాయు వినిమయ సమీకరణాన్నే పెట్ స్కాన్ (పాజిట్రాన్లు వెలువరించే ట్రేసర్లతో తీసే స్కాన్) సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ చిన్న చిన్న మార్పులతో వాడుతున్నాయి.

రెండు జాడీలు, ఒక సెన్సార్

చిన్న ప్రయోగమే, కానీ చూసినవాళ్లకి బాగా ఎక్కింది. ఒక జాడీకి వేగంగా, ఇంకోదానికి నెమ్మదిగా నీళ్లు పెట్టి, రెండింటి వెనక ఒకే దీపం, ముందు ఒకే సెన్సార్. లాగ్ గ్రాఫు ఇప్పుడు తిన్నగా రాదు. మొదట జర్రున దిగి, తర్వాత వంగి, మెల్లగా సాగుతుంది. మెదడులో బూడిద పదార్థం, తెల్ల పదార్థం పక్కపక్కనే ఉంటే డిటెక్టర్‌కి అందేది సరిగ్గా ఇదే. బూడిద పదార్థంలో 100 గ్రాములకు నిమిషానికి సుమారు 80 మి.లీ., తెల్లదాంట్లో 20. దానికి తోడు జెనాన్‌కి కొవ్వంటే మోజు, అందుకే తెల్ల పదార్థంలో మరింత సేపు తచ్చాడుతుంది. గ్రాఫులో తోకను చూసి "రక్తం తక్కువ" అనేసేముందు అది కొవ్వు పనేమో చూసుకోవాలి. ఒక ట్రేసర్ కణజాలంలోనూ రక్తంలోనూ ఏ నిష్పత్తిలో సర్దుకుంటుందో చెప్పే అంకెను పార్టిషన్ కోఎఫిషియెంట్ అంటారు. జెనాన్‌కి బూడిద పదార్థంలో అది సుమారు 0.8, తెల్లదాంట్లో సుమారు 1.5. నీటికి మెదడులో దాదాపు 0.9. ఈ అంకె తెలియకుండా వాలు నుంచి ప్రవాహం రాదు.

బొగ్గు గొట్టం: పట్టుకునే వంతు

ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే ట్రేసర్లు జెనాన్‌లా వచ్చిపోయేవి కావు, వచ్చి ఇరుక్కునేవి. దాన్ని బల్ల మీద చూపించాలంటే రంగును పట్టుకునే పదార్థం కావాలి. యాక్టివేటెడ్ చార్‌కోల్ మిథిలీన్ బ్లూని బాగా పీల్చుకుంటుంది. రెండూ అక్వేరియం సామాను అమ్మేచోట దొరుకుతాయి. పెద్ద సిరంజిలో గుల్ల బొగ్గు పోసి, రెండు చివర్లా దూది పెట్టి, ఒకే చిక్కదనం ఉన్న మిథిలీన్ బ్లూ నీటిని దానిలోంచి రకరకాల వేగాల్లో పంపాను. బయటికొచ్చే నీటిని చిన్న గాజు గొట్టాల్లో పట్టి వరసగా నిలబెట్టాను.

నిమిషానికి 5 మి.లీ. వేగంలో బయటికొచ్చింది మంచినీరులా ఉంది. 20 మి.లీ. దగ్గర, గొట్టం వెనక తెల్లకాగితం పెడితే తప్ప తెలియనంత లేత నీలం. సెన్సార్ ప్రకారం రంగులో ఎనిమిదో వంతు తప్పించుకుంది. 60 మి.లీ. దగ్గర కాగితం అక్కర్లేదు, సగం రంగు బయటికే వచ్చేసింది. బొగ్గు అదే, రంగు అదే. మారింది ఒక్కటే: రంగు కణానికి బొగ్గును ఆనుకుని ఉండే వ్యవధి.

ఇప్పుడు నిమిషానికి బొగ్గులో చిక్కినది ఎంతో లెక్కకట్టాలి. 5 మి.లీ. వేగంలో దాదాపు 5 మి.లీ. నీటిలోని రంగంతా చిక్కింది. 20 దగ్గర 17.5 మి.లీ. పాటి. 60 దగ్గర 30 మి.లీ. పాటి. 20 నుంచి 60కి ప్రవాహం మూడు రెట్లయింది, చిక్కిన రంగు మాత్రం 1.7 రెట్లే. స్కాన్‌లో వెలుగంటే ఈ చిక్కిన రంగే.

దీని సూత్రాన్ని యూజీన్ రెంకిన్ 1959లో, క్రిస్టియన్ క్రోన్ 1963లో కేశనాళికలకు వర్తింపజేశారు. నాళిక గోడ ఎంత తేలిగ్గా దాటనిస్తుంది, గోడ విస్తీర్ణం ఎంత అన్న రెండింటి లబ్ధాన్ని పీఎస్ అంటారు. పీఎస్‌ను ప్రవాహంతో భాగించి, దాన్ని e అనే సంఖ్యకు (సుమారు 2.718) రుణ ఘాతంగా వేసి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేస్తే ఎక్స్‌ట్రాక్షన్ వస్తుంది, అంటే ఒక్కసారి దాటిపోయేలోపు కణజాలం పట్టుకునే వంతు. ప్రవాహం ఎంత పెరిగినా కణజాలం నిమిషానికి పట్టుకునేది పీఎస్‌ను దాటదు. నా బొగ్గు గొట్టానికి పీఎస్ సుమారు 42 అని తేలింది.

ఒక హెచ్చరిక: బొగ్గు త్వరగా నిండిపోతుంది. నిండాక ఏ వేగంలోనైనా నీలమే వస్తుంది. అందుకే ప్రతి వేగానికీ కొత్త బొగ్గు పోసి, కొద్ది నీరే పంపాను. ఇంకో తేడా కూడా ఉంది. బొగ్గు గొట్టం ఎప్పటికీ ఒకే గొట్టం. శరీరంలోనైతే ప్రవాహం పెరిగేటప్పుడు మూసుకున్న కేశనాళికలు కొన్ని తెరుచుకుంటాయి, పీఎస్ కూడా పెరుగుతుంది. కాబట్టి నిజమైన కణజాలంలో వంపు ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు, కానీ వంపు ఉంటుంది.

ఇదే లెక్క గుండె మీద

గుండె కండరంలో విశ్రాంతిలో గ్రాముకు నిమిషానికి సుమారు 1 మి.లీ. రక్తం పారుతుంది. వ్యాయామంతోనో, అడినోసిన్ లాంటి మందుతోనో ఆరోగ్యవంతుల్లో అది మూడు, నాలుగు రెట్లు కాగలదు. ఒక ధమని ఇరుకైతే విశ్రాంతిలో తేడా తెలియదు, దిగువన ఉన్న చిన్న నాళాలు వ్యాకోచించి సర్దుకుంటాయి. ఒత్తిడి పెట్టినప్పుడే దాని గుట్టు బయటపడుతుంది. స్ట్రెస్ స్కాన్ చేసేది అందుకే.

పైథాన్‌లో రెండు ప్రాంతాలు పెట్టాను. మంచి ధమని ఉన్నచోట ఒత్తిడిలో ప్రవాహం 3, ఇరుకు ధమని ఉన్నచోట 1.8. అసలు లోటు 40 శాతం. పట్టు తక్కువ ట్రేసర్‌కి పీఎస్ 1 అనుకుంటే మంచిచోట చిక్కేది 0.85, ఇరుకుచోట 0.77. బొమ్మలో లోటు పది శాతం. కొలతలో మామూలుగా ఉండే ఊగిసలాటలోనే, అంటే నాయిస్‌లోనే, అది మునిగిపోతుంది, ఏ డాక్టరూ దాన్ని పట్టించుకోడు. పీఎస్ 5 ఉన్న ట్రేసర్‌తో అవే 2.43, 1.69 అయ్యాయి. లోటు 31 శాతంగా కనిపించింది. రోగి అదే, ఇరుకు అదే, మారింది ట్రేసర్ ఒక్కటే.

నిజమైన ట్రేసర్లను ఈ కళ్లతో చూస్తే ఒక్కోదాని గుణం తెలుస్తుంది. థాలియం-201 మొదటి దాటులో దాదాపు 85 శాతం చిక్కుతుంది, కానీ దాని కిరణాల శక్తి తక్కువ, బొమ్మ మసక. టెక్నీషియం-99ఎం సెస్టామిబి 60 శాతం పైచిలుకే చిక్కుతుంది, కానీ 140 కిలో ఎలక్ట్రాన్ ఓల్టుల గామా కిరణం, 6 గంటల అర్ధజీవితం (రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం) గామా కెమెరాకి అతికినట్టు సరిపోతాయి. ఇప్పటికీ ఎక్కువ స్కాన్లు దీనితోనే. పెట్ వైపు చూస్తే రూబిడియం-82 అర్ధజీవితం 76 సెకన్లు, దాన్ని అక్కడికక్కడే పుట్టించే జనరేటర్ అనే పరికరం నుంచి తీసిందే తడవుగా ఎక్కించాలి. నైట్రోజన్-13 అమ్మోనియాకి దాదాపు 10 నిమిషాలు, దగ్గర్లో సైక్లోట్రాన్ (దాన్ని తయారుచేసే యంత్రం) ఉండాలి. ఫ్లూరిన్-18 తో చేసిన ఫ్లుర్పిరిడాజ్ 90 శాతానికి పైగా చిక్కుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ దానికి 2024లో అనుమతి ఇచ్చింది. ఫ్లూరిన్-18 కి 110 నిమిషాల అర్ధజీవితం కావడంతో దూరం నుంచి తెప్పించుకోవచ్చు, రోగిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి మరీ ఎక్కించవచ్చు.

పట్టుకునే విధానమూ వేరువేరే. రూబిడియం, థాలియం పొటాషియంలా నటించి కణంలోకి దూరతాయి. సెస్టామిబిని లోపలికి లాగేది మైటోకాండ్రియాలోని విద్యుత్ తేడా. కణం చచ్చిపోతే ఈ ద్వారాలేవీ పనిచేయవు. కాబట్టి స్కాన్‌లో చీకటి మచ్చ కనిపిస్తే అక్కడికి రక్తం రాలేదనైనా కావొచ్చు, వచ్చినా తీసుకునే కణం లేదనైనా కావొచ్చు. నా బొగ్గు గొట్టంలో బొగ్గు తీసేసి గులకరాళ్లు పోసి చూపించాను: నీటి వేగం తగ్గలేదు, సిరంజి మాత్రం నీలం పట్టలేదు.

మూడు ధమనులూ ఇరుకైతే

కోడ్‌లో మూడు ప్రాంతాలకూ ఒకే లోటు పెట్టి, మామూలుగా చేసినట్టే అన్నిటికన్నా వెలుగైన చోటును 100 శాతంగా తీసుకుని బొమ్మ గీశాను. నిక్షేపంలాంటి గుండె కనిపించింది! సాపేక్ష బొమ్మకున్న పెద్ద లోపం ఇదే: పోల్చడానికి పక్కన మంచిచోటంటూ లేకపోతే దానికి చెప్పడానికేం ఉండదు. గ్రాముకు నిమిషానికి ఇన్ని మి.లీ. అని అంకె చెప్పగల పెట్ స్కాన్ ఇక్కడే ఆదుకుంటుంది. ఒత్తిడి ప్రవాహాన్ని విశ్రాంతి ప్రవాహంతో భాగించి ఫ్లో రిజర్వ్ తీస్తే మూడుచోట్లా తక్కువే వస్తుంది.

ఊపిరితిత్తులు, మెదడు: పక్కదారి

ఈ రెండింటికీ కోడ్ పెద్దగా రాయలేదు, రాయాల్సిన పనీ లేదు. ఊపిరితిత్తుల పర్ఫ్యూజన్ స్కాన్‌లో వాడేది మాక్రో అగ్రిగేటెడ్ అల్బుమిన్. పదుల మైక్రాన్ల సైజు కణాలు, కేశనాళికలో పట్టవు, చేరినచోటే ఇరుక్కుంటాయి. ఎక్స్‌ట్రాక్షన్ దాదాపు నూరు శాతం, తిరిగి జారేది లేదు. కాబట్టి ఇక్కడ మాత్రం వెలుగుని రక్తంగా చదివితే నా పేచీ ఏమీ లేదు. లక్షల కణాలు ఎక్కించినా మొత్తం కేశనాళికల్లో అడ్డం పడేవి లవలేశమే, కొన్ని గంటల్లో అవి చితికి పోతాయి. గుండెలో కుడి నుంచి ఎడమకు దొంగదారి ఉంటే ఈ కణాలు ఊపిరితిత్తులను తప్పించుకుని మెదడులో, మూత్రపిండాల్లో తేలతాయి. డాక్టర్లు దాన్ని కూడా రోగనిర్ధారణకు వాడుకుంటారు.

మెదడుకి వాడే ట్రేసర్ టెక్నీషియం-99ఎం హెచ్ఎంపీఏఓ. ఎక్కించిన ఒకటి రెండు నిమిషాల్లో మెదడులోకి దిగి, రూపం మారి, ఇక కదలదు. మూర్ఛ వచ్చిన క్షణంలో సూది వేసి, రోగి కుదుటపడ్డాక తీరిగ్గా స్కాన్ తీసినా, బొమ్మలో కనిపించేది సూది వేసిన నిమిషం నాటి ప్రవాహం. చాలా తెలివైన ఏర్పాటు. కాకపోతే ప్రవాహం బాగా ఎక్కువ ఉన్నచోట కొంత ట్రేసర్ రూపం మారేలోపే వెనక్కి జారిపోతుంది, అక్కడ వెలుగు తక్కువ పలుకుతుంది. జెనాన్‌తో పేరు తెచ్చుకున్న లాసెనే ఈ లోటుకి దిద్దుబాటు సూత్రం కూడా ఇచ్చాడు.

ఆక్సిజన్-15 నీరు, మసక కెమెరా

మొదటి జాడీ సంగతి మళ్లీ అవసరమైంది. ఆక్సిజన్-15 తో చేసిన నీరు కణజాలంలోకి స్వేచ్ఛగా వెళ్లి వస్తుంది. దాని అర్ధజీవితం 122 సెకన్లు. నాలుగు నిమిషాలయ్యేసరికి పావు వంతే మిగులుతుంది. కోడ్‌లో ధమని వక్రరేఖ (ధమని రక్తంలో ట్రేసర్ కాలంతో ఎలా మారుతుందో చెప్పే గీత) ఒకటి, దాని నుంచి కణజాల వక్రరేఖ, ఐదేసి సెకన్ల ఫ్రేములు, పాయిసన్ నాయిస్ (లెక్కపెట్టే కిరణాల సంఖ్యలో సహజంగా ఉండే ఊగిసలాట). రక్తం నుంచి లోపలికి వచ్చే వేగాన్ని కె1 అనీ, బయటికి పోయే వేగాన్ని కె2 అనీ పిలుస్తారు.

దీనికి కెమెరా మసక కలిపాను, అంటే చుక్కంత వెలుగు బొమ్మలో ఎంత వెడల్పుకు పరుచుకుంటుందన్నది. గుండె గోడ మందం 10 మి.మీ. అనుకుందాం. 12 మి.మీ. మసక ఉన్న స్పెక్ట్ కెమెరాకి (చుట్టూ తిరుగుతూ బొమ్మ తీసే గామా కెమెరా) గోడ నడిమధ్యన కూడా అసలు వెలుగులో 67 శాతమే అందుతుంది. 6 మి.మీ. మసక ఉన్న పెట్‌కి 95 శాతం. గోడ 6 మి.మీ.కి పలచబడితే స్పెక్ట్‌లో 44 శాతానికి దిగుతుంది. ప్రవాహం చెక్కుచెదరలేదు, గోడ పలచబడింది అంతే, బొమ్మలో మాత్రం మూడో వంతు లోటు. కొలిచిన వెలుగు నుంచి కె1 లెక్కగడితే ఈ లోటంతా ప్రవాహం ఖాతాలో పడుతుంది.

కానీ కె2 కి మసక అంటదు. వెలుగు మొత్తం ఎంత తగ్గినా తగ్గే వేగం మారదు; జాడీలో చుక్క వేసినా చెంచా వేసినా వాలు ఒకటే అయినట్టు. ప్రవాహం 1.0 పెట్టి, వెలుగును 0.6 తో గుణించి ఫిట్ చేస్తే (సమీకరణాన్ని ఆ వక్రరేఖకు సరిపోయేలా సర్దితే) కె1 దారిలో 0.6 వచ్చింది. కె2 ని పార్టిషన్ కోఎఫిషియెంట్ 0.91 తో గుణించిన దారిలో మళ్లీ 1.0 చుట్టుపక్కలకే వచ్చింది. ఊరికే రాదు మరి: నాయిస్ పెంచేకొద్దీ కె2 అంకె కె1 కన్నా ఎక్కువ ఊగుతుంది. గుండె గది లోపలి రక్తం వెలుగు గోడ మీదికి చిందితే ఇంకా ఊగుతుంది, అందుకని దానికి విడిగా ఒక పదం పెట్టి ఫిట్ చేయాలి.

ధమని వక్రరేఖను కావాలనే నాలుగు సెకన్లు ఆలస్యం చేసి కూడా చూశాను. మణికట్టు దగ్గర రక్తం తీసి కొలిచినప్పుడు అది అక్కడికి గుండె కన్నా ఆలస్యంగా, సాగిపోయిన ఆకారంతో చేరుతుంది. ఆలస్యాన్ని పట్టించుకోని ఫిట్ మొదటి ఫ్రేములను అందుకోలేక, ఆ లోటును ప్రవాహం అంకె మీదికి నెట్టేసింది. ఆలస్యాన్ని కూడా తెలియని రాశిగా వదిలితే అంకె దారికొచ్చింది. పెట్‌లో ధమని వక్రరేఖను గుండె గది బొమ్మ నుంచే తీసుకునే పద్ధతికి గిరాకీ ఉండటానికి ఇదొక కారణం. సూది గుచ్చే బాధ తప్పడం ఇంకొకటి.

ఇప్పటికి ఉన్న స్థితి

జాడీ, బొగ్గు గొట్టం చూపించడానికి సిద్ధం. కోడ్‌లో శ్వాస కదలిక ఇంకా లేదు. మొదటి నిమిషంలో గుండె కొన్ని మి.మీ. జారితే గది రక్తాన్ని గోడ అనుకునే ప్రమాదం ఉంది, ఫ్రేము ఫ్రేముకీ స్థానం సరిచేసే భాగం రాయాలి. బొగ్గుకి బదులు నెమ్మదిగా రంగు వదిలేసే పదార్థం దొరికితే హెచ్ఎంపీఏఓ జారుడును కూడా బల్ల మీదే చూపించొచ్చు. నూలు గుడ్డ ముక్కలతో మొదలెట్టి చూస్తాను, మిథిలీన్ బ్లూ వాటికి పట్టి కొంత కొంతగా వదులుతోంది.